పెరోల్‌కి కొత్త చట్టం రాస్తే అందులో ఏముండాలి?

వకీలు భారతి, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. నేను క్రిమినల్ అప్పీళ్ళు చూసే వకీలుని. ఒక విషయం మీద మీ అందరి మాట కావాలి. ముఖ్యంగా జైలు వ్యవహారం లోపలి నుంచి తెలిసినవాళ్ళదీ, నేరాల వల్ల నష్టపోయిన కుటుంబాలదీ.

మన జైళ్ళకి మూల చట్టం 1894 నాటిది. ఖైదీని ఎలా బంధించాలి, ఏ తప్పుకి ఏ దండన వేయాలి అన్నీ ఉన్నాయి గానీ, అందులో పెరోల్‌కంటూ, అంటే ఖైదీ కొన్నాళ్ళు ఇంటికెళ్ళి తిరిగి రావడానికిచ్చే సెలవుకంటూ, ఒక్క సెక్షన్ లేదు. శిక్షని సస్పెండ్ చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చే సెక్షన్ ఒకటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది, పాత 432. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 473. ఆ అధికారంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1981లో పెరోల్ రూల్స్ రాశారు. తమిళనాడువి 1982 రూల్స్, మహారాష్ట్రవి 1959 రూల్స్. ఎవరికి వాళ్ళు రాసుకున్నారు. అదే నేరం, అదే శిక్ష, అదే సత్ప్రవర్తన ఉన్నా, రాష్ట్రం సరిహద్దు దాటితే ఖైదీకి ఇంటికి వెళ్ళే దారి మారిపోతుంది.

2023 మేలో కేంద్ర హోం శాఖ ఒక మాదిరి జైళ్ళ చట్టం తయారు చేసి రాష్ట్రాలకి పంపింది. అందులో పెరోల్, ఫర్లో (ప్రత్యేక కారణం అడగకుండా సత్ప్రవర్తన చూసి ఇచ్చే సెలవు), ముందస్తు విడుదల అన్నిటికీ చోటిచ్చారు. సంతోషమే. కానీ అసలైన ప్రశ్నలన్నీ "నియమాల్లో నిర్దేశించిన విధంగా" అని రాష్ట్రాలకే వదిలేశారు. ఎన్ని రోజుల్లో నిర్ణయం చెప్పాలి? కాదంటే కారణం రాసివ్వాలా? అవతలి కుటుంబానికి ఎవరు చెప్తారు? కాదన్న నిర్ణయం మీద ఎక్కడికి వెళ్ళాలి? నా వాదన ఒక్కటే. ఈ నాలుగూ చట్టంలోనే ఉండాలి. నియమాలకి వదిలితే ఒక జీవోతో మార్చేస్తారు, అసెంబ్లీలో చర్చ కూడా ఉండదు.

మనమంతా కలిసి ఒక వినతిపత్రం రాసి రెండు రాష్ట్రాల న్యాయ శాఖలకీ పంపాలని నా ఆలోచన. మీ అనుభవాలు చెప్పండి.

విశ్రాంత జైలర్, రాజమండ్రి:

భారతి అమ్మా, మంచి పని మొదలుపెట్టారు. నేను జైళ్ళ శాఖలో వార్డరుగా చేరి జైలర్‌గా రిటైరయ్యాను. ఫైలు ఎలా నడుస్తుందో చెప్తాను, చాలామందికి తెలియదు.

ఖైదీ గానీ ఇంటివాళ్ళు గానీ అర్జీ పెడతారు. మా ఆఫీసులో నామినల్ రోల్ తీస్తాం. అంటే ఏ కేసు, ఎంత శిక్ష, ఎంత గడిచింది, లోపల ప్రవర్తన ఎలా ఉంది, ఇంతకుముందు సెలవు మీద వెళ్ళి టైముకి వచ్చాడా లేదా. ఇదంతా రికార్డులో ఉన్నదే కాబట్టి పెద్దగా ఆలస్యం కాదు. తర్వాత పోలీసు రిపోర్టు కావాలి. ఎస్పీ ఆఫీసుకి వెళ్తుంది, అక్కడి నుంచి డీఎస్పీకి, అక్కడి నుంచి సర్కిల్‌కి, చివరికి ఖైదీ సొంతూరి స్టేషన్‌కి. స్టేషన్‌లో ఎస్సైకి బందోబస్తులు, వీఐపీ పర్యటనలు, రోజువారీ కేసులు. ఈ కాగితం అడుగున పడుతుంది. మళ్ళీ అదే మెట్లు ఎక్కి పైకి రావాలి. పక్కన, ఖైదీ ఇంటి పరిస్థితులు విచారించే ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు. అన్నీ కలిపి హెడ్డాఫీసుకి, అక్కడి నుంచి సచివాలయంలో హోం శాఖకి.

స్టేషన్ నుంచి వచ్చే రిపోర్టుల్లో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చేసింది: "సదరు ఖైదీ గ్రామానికి వచ్చినచో శాంతిభద్రతలకు విఘాతం కలుగు అవకాశము కలదు." ఎవరి వల్ల, ఎందుకు, ఊళ్ళో ఎవరిని అడిగారు, ఏమీ ఉండదు. కొన్ని నిజమే అయ్యుంటాయి. కానీ భార్యాబిడ్డలు తప్ప ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టని డెబ్బై ఏళ్ళ ముసలాయన మీద కూడా అదే వాక్యం రాసి పంపినప్పుడు, ఊరికి వెళ్ళకుండా రాశారని తెలిసిపోతుంది కదా.

చట్టం రాస్తే ముందు ఈ రిపోర్టు సంగతి చూడండి. మిగతాదంతా దీని తర్వాతే.

పద్మ, తూర్పు గోదావరి:

జైలర్ గారూ, మీరు చెప్పిన మెట్లన్నీ మేం ఎక్కాం. మా తమ్ముడు హత్య కేసులో జీవిత ఖైదీ. వాడు చేసింది తప్పు కాదని నేను అనను. గొడవలో చేయి చేసుకున్నాడు, మనిషి పోయాడు. శిక్ష పడింది, అనుభవిస్తున్నాడు.

మా నాన్న పోయినప్పుడు తలకొరివి పెట్టడానికి పంపమని అర్జీ పెట్టుకున్నాం. మాకు వాడొక్కడే మగపిల్లాడు. శవాన్ని ఎంతసేపు ఉంచగలం? ఐస్ బాక్స్ అద్దెకి తెచ్చి చూశాం. చివరికి మా పెదనాన్న కొడుకు పెట్టాడు. పోనీ పెద్దకర్మకైనా వస్తాడనుకున్నాం. బంధువులంతా కూర్చున్నారు, పిండాలు పెట్టే వేళ దాటిపోతోంది, అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. కర్మ అయిపోయాక ఉత్తర్వు వచ్చింది. వాడు ఇంటికొచ్చేసరికి విస్తళ్ళు ఎత్తేసి, షామియానా విప్పేశారు.

అనుమతి లేదని ముందే చెప్పుంటే మనసు రాయి చేసుకునేవాళ్ళం. ఇస్తాం, ఇస్తాం అని తిప్పారు. చావు కబురు అందిన రోజే నిర్ణయం చెప్పాలని చట్టంలో రాయండి మేడమ్. అవును అన్నా సరే, కాదు అన్నా సరే.

సుజాత సీమ, కడప జిల్లా:

ఈ చర్చ చదువుతుంటే ఒకవైపు బాధగా ఉంది, ఒకవైపు కోపంగా ఉంది. నాది అవతలి పక్క. మా అన్నని చంపినవాళ్ళలో ఒకడు పెరోల్ మీద ఊరికొచ్చాడు. మాకెవరూ చెప్పలేదు. మా వదిన పాలు పోయించుకోవడానికి సెంటర్‌కి వెళ్తే, ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె పాల క్యాన్ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చి తలుపు గడియ వేసుకుంది. వాడు ఆమెని ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. అన్న కొడుకు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాడిని ఆ రాత్రే హైదరాబాద్ బస్సెక్కించాం, ఎక్కడ ఎదురుపడి ఏం చేస్తాడోనని.

సీమలో ఊళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక మనిషి ఊళ్ళోకొస్తే రెండు వర్గాలకీ నిద్ర ఉండదు. జైలర్ గారు "శాంతిభద్రతల" వాక్యం ఊరికే రాస్తారన్నారు. మా విషయంలో రాయాల్సిన వాళ్ళు రాయలేదు! స్టేషన్‌కి వెళ్ళి అడిగితే "పైనుంచి వచ్చిందమ్మా" అన్నారు.

పెరోల్ ఎత్తేయమని నేను అడగను. మాకు ముందుగా చెప్పాలి. మా మాట విని నిర్ణయించాలి. అంతే.

చైతు, లా ఫైనలియర్:

భారతి మేడమ్ వాదన బాగుంది గానీ, చట్టం ఉంటే అన్నీ సర్దుకుంటాయా? హర్యానా చూడండి. ఆ రాష్ట్రానికి పెరోల్ మీద ప్రత్యేక చట్టం 1988 నుంచే ఉంది. 2022లో కొత్తది కూడా తెచ్చుకున్నారు. ఏడాదిలో 10 వారాల రెగ్యులర్ పెరోల్, 3 వారాల ఫర్లో, అన్నీ స్పష్టంగా రాసుకున్నారు. ఇద్దరు శిష్యురాళ్ళ మీద అత్యాచారం కేసులో 2017లో 20 ఏళ్ళ శిక్ష పడిన డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ ఆ చట్టం ప్రకారమే మాటిమాటికీ బయటికొస్తున్నాడు. అక్కడో ఇక్కడో ఎన్నికలున్నప్పుడు ఆయన బయట ఉండటం జనం గమనిస్తూనే ఉన్నారు. చట్టం లేకపోవడం జబ్బయితే హర్యానాకి ఆ జబ్బు ఎందుకుంది?

ఇంకోటి. బిల్కిస్ బానో కేసులో 11 మంది దోషులకి శిక్ష తగ్గించి 2022 ఆగస్టు 15న వదిలేశారు, 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదల రద్దు చేసింది. అంతవరకూ అందరికీ తెలుసు. అయితే ఆ విడుదలకి ముందే వాళ్ళలో పదిమంది పెరోల్, ఫర్లోల మీద తలా వెయ్యి రోజులకి పైగా బయట గడిపారని గుజరాత్ ప్రభుత్వమే కోర్టుకి చెప్పింది. పద్మ గారి తమ్ముడికి తండ్రి కర్మ వేళకి ఒక్క పూట దొరకలేదు.

వకీలు భారతి, హైదరాబాద్:

చైతు, సరైన చోట పట్టుకున్నావు. రోజుల లెక్క రాసినంత మాత్రాన అది మంచి చట్టం అయిపోదు. హర్యానా చట్టంలో ఎన్ని రోజులు ఇవ్వవచ్చో ఉంది. ఎవరికి ఇచ్చారు, ఎందుకిచ్చారు, అదే స్థితిలో ఉన్న ఎంతమందికి కాదన్నారు అన్నది జనం ముందుకి తెచ్చే ఏర్పాటు కావాలి. 2024 ఫిబ్రవరిలో పంజాబ్, హర్యానా హైకోర్టు అడిగింది సరిగ్గా అదే: ఇలాంటి కేసుల్లో ఉన్న ఇంకెంతమందికి ఇలాగే ఇచ్చారో చెప్పమని. కోర్టుకెళ్ళి అడిగితే తప్ప బయటికిరాని ఆ లెక్క, ప్రతి మూడు నెలలకీ దానంతటదే ప్రచురించేలా చట్టం ఉండాలి.

మన దగ్గర కూడా తక్కువేం లేదు. ఈపూరు సుధాకర్ కేసు అని ఉంది, 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కర్నూలు జిల్లాకి చెందిన ఒక అధికార పార్టీ నాయకుడికి శిక్ష తగ్గించారు. కోర్టు ఫైలు తెప్పించుకుని చూస్తే, ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట రిపోర్టులో ఉంది. పార్టీ పని చేయడం శిక్ష తగ్గించడానికి కారణం ఎలా అవుతుందని కోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. అది శిక్ష తగ్గింపు కేసు, పెరోల్ కాదు. కానీ రిపోర్టులు రాసే చేతులు అవే. 2025లో నెల్లూరు జైల్లోని ఒక జీవిత ఖైదీ పెరోల్ వ్యవహారంలో ఎమ్మెల్యేల సిఫార్సు లేఖలు బయటపడి దుమారం రేగితే, ప్రభుత్వం ఆ పెరోల్‌ని రద్దు చేసుకోవాల్సి వచ్చింది. పార్టీలు మారినా పద్ధతి మారలేదు.

అందుకే ఇంకో మాట చేరుస్తాను. ప్రజాప్రతినిధి సిఫార్సు లేఖ ఏదైనా వస్తే అది ఫైల్లోనే ఉండాలి, ఉత్తర్వులో ప్రస్తావించాలి. దాచిపెట్టే అవకాశం ఉండకూడదు.

కొత్తపేట కుర్రాడు:

ఇంత చర్చ అవసరమా అన్నా? నేరం చేసినవాడికి సెలవులేంటి? మొత్తం రద్దు చేస్తే ఒక పనైపోతుంది. ముంబైలో పల్లవి పుర్కాయస్థ అనే లాయరమ్మాయిని చంపిన వాచ్‌మన్, తన తల్లికి బాగోలేదని 2016లో పెరోల్ మీద వెళ్ళి పారిపోయాడు. 2017లో కశ్మీర్‌లో పట్టుకున్నారు. ఆ అమ్మాయి అమ్మానాన్నలు అన్నాళ్ళు ఎలా బతికుంటారు?

విశ్రాంత జైలర్, రాజమండ్రి:

బాబూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. ఆ కేసులో ఆ తల్లిదండ్రులకి జరిగింది అన్యాయమే. కానీ జైల్లో పనిచేసిన మనిషిగా ఒకటి చెప్తాను. జీవిత ఖైదీల్లో చాలామంది ఏదో ఒక రోజు బయటికొచ్చేవాళ్ళే. పద్నాలుగేళ్ళు గోడల మధ్య ఉంచి, ఒక్కసారిగా గేటు తీసి పంపితే ఏమవుతుందో మేం చూశాం. చేతిలో ఫోన్ ఎలా వాడాలో తెలియదు, పిల్లలు మొహం చూసి పలకరు, ఇంట్లో వాటాలు పంచేసుకుని ఉంటారు. అలాంటివాడు మళ్ళీ తాగుడికో, పాత స్నేహాలకో పోతాడు. మధ్యమధ్యలో ఇంటికెళ్ళొచ్చినవాడికి నిలబడటానికి ఒక చోటుంటుంది. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో, హైదరాబాద్ దగ్గర చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలున్నాయి. అక్కడ ఎత్తైన గోడల్లేవు, ఖైదీలు పొలం పని చేసుకుంటారు. నమ్మి వదిలితే నిలబడేవాళ్ళు నిలబడతారనే కదా అవి నడుస్తున్నది.

తిరిగి రానివాళ్ళ గురించి కూడా దాపరికం లేకుండా చెప్తాను. నేను చూసిన వాళ్ళలో పథకం వేసుకుని పారిపోయినవాళ్ళు అరుదు. ఎక్కువమంది తాగి పడిపోయో, ఇంట్లో జబ్బుమనిషిని వదల్లేకో గడువు దాటేసి, తర్వాత భయంతో దాక్కున్నవాళ్ళు. పొడిగింపు అడగడానికి దారి ఉందని కూడా వాళ్ళకి తెలియదు. జామీనుగా నిలబడ్డ బంధువు ఏడుస్తూ మా గేటు దగ్గరికొచ్చేవాడు. వదిలేటప్పుడు తెలుగులో ఒక కాగితం చేతికిచ్చి, గడువెప్పుడు, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి అని చెప్తే ఇందులో సగం ఇబ్బంది తప్పుతుంది.

మోడరేటర్:

ఒక పోస్టు తొలగించాను. ఖైదీల కుటుంబసభ్యుల్ని ఉద్దేశించి తిట్లు రాస్తే ఇక్కడ ఉంచం. రెండు పక్కల కుటుంబాలూ ఈ చర్చలో ఉన్నాయని గుర్తుపెట్టుకుని రాయండి.

లండన్ రవి:

ఇక్కడి సంగతి కొంచెం చెప్తాను, పోలిక కోసం. బ్రిటన్‌లో పెరోల్ అంటే ఇంటికెళ్ళి తిరిగి రావడం కాదు, మిగిలిన శిక్ష నిఘాలో బయట గడపడానికి విడుదల చేయడం. దానికి పెరోల్ బోర్డని వేరే సంస్థ ఉంది, మంత్రి సంతకంతో నడవదు. అయినా ఇక్కడా ఎదురుదెబ్బ తగిలింది. జాన్ వర్బాయ్స్ అనే ట్యాక్సీ డ్రైవర్, ఎక్కిన ఆడవాళ్ళకి మత్తు ఇచ్చి అఘాయిత్యాలు చేసినవాడు. వాడిని విడుదల చేయాలని బోర్డు నిర్ణయించింది. బాధితులు హైకోర్టుకెళ్ళారు, 2018 మార్చిలో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అప్పటిదాకా బోర్డు ఏ కారణంతో వదిలిందో బయటికి చెప్పడమే నిషేధం. ఆ కేసు తర్వాత నిషేధం ఎత్తేసి, అడిగినవాళ్ళకి నిర్ణయం సారాంశం ఇస్తున్నారు. 2024లో బాధితులు, ఖైదీల చట్టమని కొత్తది చేసి, అతి తీవ్రమైన కేసుల్లో బోర్డు నిర్ణయాన్ని పై కోర్టు ముందు పెట్టే అధికారం మంత్రికిచ్చారు. దాని మీద ఇక్కడ రెండు వాదాలున్నాయి. మంత్రికి మళ్ళీ చోటిచ్చారని కొందరి అభ్యంతరం.

సుజాత గారు అడిగింది ఇక్కడి బాధితులకి ఉంది. ముందుగా కబురు చేస్తారు. వాళ్ళు తమ మాట చెప్పుకోవచ్చు, ఫలానా ప్రాంతానికి అతను రాకూడదని షరతు కోరవచ్చు.

వెంకటేశ్ ఎరుకల, బాపట్ల:

స్థానిక పోలీసు రిపోర్టు అన్నారు కదా, దాని గురించి మా వాళ్ళ తరఫున చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి మా ఎరుకల కులాన్నీ, యానాదులనీ పుట్టుకతోనే నేరస్తులన్నారు. స్టూవర్టుపురం మా వాళ్ళని నిఘాలో ఉంచడానికి ఆ రోజుల్లో పెట్టిన సెటిల్మెంటే. 1952లో ఆ చట్టం పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలొచ్చాయి. మన రాష్ట్రానిది 1962లో వచ్చింది. పేరు మారింది గానీ చూపు మారలేదు.

ఇప్పుడు మీరు రాయబోయే చట్టంలో "అలవాటు నేరస్తులకు పెరోల్ వర్తించదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు, దాని కిందకి ముందు వచ్చేది మా పిల్లలే. చిన్న దొంగతనం కేసులో ఒకసారి పేరెక్కితే, ఎక్కడ ఏం పోయినా వాళ్ళనే తెచ్చి కూర్చోబెడతారు. స్టేషన్‌లో వాళ్ళ పేరు మీదున్న నేరాల షీటు పెరుగుతుంది. ఆ షీటు చూసి పెరోల్ లేదంటారు. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. జైలు రూల్స్‌లో ఈ కులాల ప్రస్తావన తీసేయమంది. 2023 మాదిరి చట్టంలో కులవివక్షని నిషేధించే మాట లేదని కూడా ఆ తీర్పులోనే ఎత్తిచూపింది. కాబట్టి రిపోర్టులో "స్వభావం", "వర్గం", "నేపథ్యం" లాంటి పదాలతో మనిషిని తేల్చేయకుండా, జరిగిన సంఘటనలు మాత్రమే రాయాలని పెట్టండి. అది లేకపోతే మాకు ఈ చట్టం వల్ల నష్టమే ఎక్కువ.

విశ్రాంత జైలర్, రాజమండ్రి:

వెంకటేశ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఇంటిపేరూ, ఊరి పేరూ చూసి రాసిన రిపోర్టులు నా చేతుల మీదుగా వెళ్ళాయి.

చైతు, లా ఫైనలియర్:

ట్రాకర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మాదిరి చట్టంలో 29వ సెక్షన్ ఉంది: కదలికలు తెలిపే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టుకోవడానికి ఖైదీ ఒప్పుకుంటే, ఆ షరతు మీద సెలవు ఇవ్వవచ్చు. ఉల్లంఘిస్తే సెలవు రద్దు, ఆ తర్వాత సెలవులకి అనర్హత కూడా. సుజాత గారి లాంటి వాళ్ళకి ఇది ధైర్యమే. కానీ 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు, బెయిల్ మీదున్న మనిషి ఎప్పుడూ తన లొకేషన్ పోలీసులకి పంపుతూ ఉండాలన్న షరతు చెల్లదంది. అది బెయిలు, ఇది శిక్ష పడ్డవాళ్ళ సంగతి. తేడా ఉంది. అయినా ఒప్పుకోకపోతే సెలవే ఇవ్వరన్నప్పుడు అది నిజంగా ఒప్పుకోలు అవుతుందా?

పద్మ, తూర్పు గోదావరి:

నా తమ్ముడి కాలికి పట్టీ వేసి పంపినా మాకు అభ్యంతరం లేదు, పంపితే చాలు. కానీ దాని ఖర్చు మా మీద వేయకూడదు. చార్జింగ్ అయిపోతే పారిపోయాడని రాయకూడదు. మా ఊళ్ళో వేసవిలో కరెంటు ఎన్ని గంటలు పోతుందో మీకు తెలుసు కదా.

వకీలు భారతి, హైదరాబాద్:

ఖర్చు మాట ముఖ్యం. 2025లో తీహార్ జైల్లో ఉన్న ఎంపీ ఇంజనీర్ రషీద్‌కి పార్లమెంటుకి వెళ్ళడానికి కోర్టు కస్టడీ పెరోల్ (పోలీసు కాపలాతో వెళ్ళి రావడం) ఇస్తే, ఎస్కార్టుకీ ప్రయాణానికీ రోజుకి లక్ష రూపాయల పైచిలుకు కట్టమన్నారు. ఎంపీకే అది భారమై కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. కూలి చేసుకునే కుటుంబం తండ్రి శవం దగ్గరికి కొడుకుని తెచ్చుకోవడానికి ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? ఎస్కార్టయినా, ట్రాకరయినా ఖర్చు ప్రభుత్వానిదే కావాలి.

కొత్తపేట కుర్రాడు:

ఒక డౌటు. దేశమంతా ఒకే చట్టం పార్లమెంటే చేయొచ్చు కదా? రాష్ట్రానికొకటి ఎందుకు?

చైతు, లా ఫైనలియర్:

జైళ్ళు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, నాలుగో అంశం. అందుకే కేంద్రం మాదిరి చట్టం రాసి పంపగలిగింది గానీ రుద్దలేదు. 252వ అధికరణం కింద రెండో అంతకంటే ఎక్కువో రాష్ట్రాల అసెంబ్లీలు తీర్మానం చేసి అడిగితే పార్లమెంటు చట్టం చేయొచ్చు. అవయవ మార్పిడి చట్టం 1994లో అలాగే వచ్చింది. నిజానికి తెలంగాణ, ఆంధ్ర రెండూ ఒకేలాంటి చట్టం చేసుకున్నా చాలు. ఇద్దరివీ పాత ఉమ్మడి రూల్సే కదా.

సరళ టీచర్, వరంగల్:

ఆడ ఖైదీల గురించి ఎవరూ రాయలేదు. 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అనే కేసులో సుప్రీంకోర్టు, జైల్లో ఉన్న గర్భిణులకి వీలైనంతవరకు బయట కాన్పు అయ్యేలా తాత్కాలికంగా వదలాలని చెప్పింది. పుట్టిన బిడ్డ సర్టిఫికెట్‌లో పుట్టిన చోటు జైలని రాయకూడదని కూడా చెప్పింది. మన రాష్ట్రం పేరు మీదున్న తీర్పు. అది చట్టంలో ఒక సెక్షన్‌గా రావాలి. అలాగే ఆడవాళ్ళకి జామీను ఇచ్చేవాళ్ళు దొరకరు. భర్తని చంపిన కేసులో ఉన్న మనిషికి అత్తింటివాళ్ళు రారు, పుట్టింటివాళ్ళు పరువని రారు. నేను జైల్లో అక్షరాలు నేర్పడానికి వెళ్ళినప్పుడు ఒకామె ఇదే చెప్పి ఏడ్చింది. సొంత పూచీ మీద వదిలే వీలు ఉండాలి. వెళ్ళడానికి ఇల్లు లేకపోతే మహిళా సదన్‌లో ఉండే ఏర్పాటు ఉండాలి.

2019లో రాజీవ్ గాంధీ హత్య కేసులో శిక్ష అనుభవిస్తున్న నళిని, కూతురి పెళ్ళి పనులకి ఆరు నెలలు సెలవు కావాలని మద్రాసు హైకోర్టులో స్వయంగా నిలబడి వాదించుకుంది. నెల రోజులిచ్చారు. ఆమెకి చదువుంది, మాట్లాడగలిగింది. నేను చూసిన ఆడవాళ్ళలో వేలిముద్ర వేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ అర్జీ రాసిపెట్టే బాధ్యత ఎవరిదో చట్టం చెప్పాలి.

వకీలు భారతి, హైదరాబాద్:

సరళ గారూ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళ పారాలీగల్ వాలంటీర్లు, అంటే న్యాయ సహాయంలో తోడ్పడే కార్యకర్తలు, జైళ్ళకి వస్తుంటారు. అర్జీ రాయడం వాళ్ళ విధిగా పెడదాం. చాలా మంచి సూచన.

రోజుల లెక్క గురించి కూడా ఒక మాట. 2017లో అష్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు తేడా చెప్పింది: ఫర్లో మీద బయట ఉన్న రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు. ముందస్తు విడుదలకి 14 ఏళ్ళు లెక్కించేటప్పుడు పెరోల్ రోజులు తీసేయాలని 2023 జనవరిలో రోహన్ ధుంగట్ కేసులో మళ్ళీ చెప్పింది. పలుకుబడి ఉన్నవాళ్ళు పెరోల్ మీద నెలల తరబడి బయట ఉండి, అదంతా శిక్షేనని చెప్పుకోకుండా ఇది అడ్డుకుంటుంది. నేను దీన్ని సమర్థిస్తాను. కానీ తండ్రి చావుకో, కాన్పుకో ఇచ్చిన అత్యవసర సెలవుని శిక్షలో కలపాలి. ఆ నాలుగు రోజులు విహారానికి వెళ్ళినవి కావు.

సుజాత సీమ, కడప జిల్లా:

దాంతో నాకు పేచీ లేదు. పద్మ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ నాన్న కర్మకి తమ్ముడు రాకపోవడం ఎవరికీ న్యాయం చేయలేదు. చనిపోయినవాళ్ళ ఇంటికి కూడా.

కానీ మా మాట వింటామన్నప్పుడు ఎలా వింటారు? స్టేషన్‌కి పిలిపించి, ఖైదీ బంధువులు బయట బెంచీ మీద కూర్చుని చూస్తుండగా "మీకేమైనా అభ్యంతరమా" అని అడిగితే ఎవరు నోరు తెరుస్తారు? అలా అడిగితే అడగనట్టే.

పద్మ, తూర్పు గోదావరి:

అక్కా, మీరు అన్నది నిజం. మా తమ్ముడి కేసులో చనిపోయిన అతని భార్య మా ఊళ్ళోనే ఉంటుంది. వాడు వచ్చినప్పుడు ఆవిడ ఇంటి వీధిలోకి వెళ్ళొద్దని మేమే చెప్పుకున్నాం. అది మా ఇష్టానికి వదిలేయకుండా ఉత్తర్వులోనే రాస్తే మాకూ మంచిదే. రేపు ఎవరైనా లేనిపోని మాట అంటే కాగితం చూపించుకోవచ్చు. కాకపోతే ఒక భయం ఉంది. అవతలివాళ్ళు వద్దంటే ఇక ఎప్పటికీ రానివ్వరా?

సుజాత సీమ, కడప జిల్లా:

వద్దనే హక్కు నాకిస్తే ఎప్పుడూ వద్దనే అంటానేమో. అందుకే నిర్ణయం నా చేతిలో పెట్టొద్దు. నా మాట కాగితం మీద ఉండాలి, దానికి జవాబు ఉత్తర్వులో ఉండాలి. వాడు ఊరికి రాకుండా అత్తగారి ఊళ్ళో ఉండి వెళ్ళొచ్చు కదా, అలాంటి దారులు చూడమనండి.

వకీలు భారతి, హైదరాబాద్:

మీరిద్దరూ మాట్లాడుకున్నదే ఈ చట్టానికి గుండెకాయ. ఇంతవరకు వచ్చినవాటితో ముసాయిదా ఇలా అనుకుంటున్నాను.

చావు, ప్రాణాపాయం, కాన్పు లాంటి అత్యవసరాల్లో జైలు సూపరింటెండెంట్ 24 గంటల్లో నిర్ణయం చెప్పాలి. ఫైలు సచివాలయానికి వెళ్ళకూడదు. ప్రమాదం ఉందనుకుంటే ఎస్కార్టుతో పంపాలి, ఖర్చు ప్రభుత్వానిది. మామూలు పెరోల్‌కి 30 రోజుల గడువు. నిర్ణయించేది ఒక కమిటీ. అందులో జిల్లా జడ్జి లేదా ఆయన పంపిన న్యాయాధికారి, జైళ్ళ అధికారి, పోలీసు, ప్రొబేషన్ ఆఫీసర్ ఉండాలి. పోలీసు రిపోర్టు గడువులోగా రాకపోతే అది లేకుండానే నిర్ణయించాలి. వచ్చిన రిపోర్టులో సంఘటన, తేదీ, ఎవరిని విచారించారన్నది ఉండాలి. కులం, ఊరు, "స్వభావం" ఆధారంగా రాసినది చెల్లదు.

బాధిత కుటుంబానికి కబురు చేయడం, వాళ్ళ మాట తీసుకోవడం పోలీసు చేతిలో కాకుండా న్యాయ సేవాధికార సంస్థ చేతిలో ఉంటుంది. వాళ్ళ ఇంటికెళ్ళో, ఫోన్‌లోనో వింటారు. దూరంగా ఉండే షరతు ఉత్తర్వులో రాస్తారు. కాదంటే కారణం తెలుగులో రాసివ్వాలి, దాని మీద సెషన్స్ కోర్టుకి అప్పీలు. జిల్లాలవారీగా ఎన్ని అర్జీలు, ఎన్ని ఇచ్చారు, ఎంతమంది తిరిగి రాలేదు, ఎన్నిటికి సిఫార్సు లేఖలొచ్చాయి, ఈ లెక్క మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలి.

ఫర్లో హక్కు కాదని 2021లో నారాయణ్ సాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది మనం మార్చలేం. కానీ అర్జీని టైముకి చూడమనడం, కారణం చెప్పమనడం దానికి అడ్డురావు.

వెంకటేశ్ ఎరుకల, బాపట్ల:

కమిటీలో పోలీసుకి ఓటు ఉంటుందా? రిపోర్టు రాసిన శాఖే తీర్పులో కూడా కూర్చుంటే ఎలా? ఇది నాకు నచ్చలేదు.

విశ్రాంత జైలర్, రాజమండ్రి:

వెంకటేశ్ అభ్యంతరం న్యాయమే. ఆ లెక్కన మా జైళ్ళ శాఖకీ ఓటు ఉండకూడదు, మేమూ రిపోర్టు రాసేవాళ్ళమే. ఇద్దరూ కూర్చుని అడిగినదానికి జవాబు చెప్పాలి, ఓటు న్యాయాధికారికీ ప్రొబేషన్‌కీ బయటి సభ్యులకీ ఉంచండి. ఇంకోటి అమ్మా. గడువు పెట్టి ఊరుకుంటే గడువులు దాటిపోతూనే ఉంటాయి. దాటినప్పుడు ఫైలు ఏ ఆఫీసులో ఎన్ని రోజులు ఆగిందో ఖైదీ ఇంటికి కాగితం రావాలి. నేను సర్వీసులో ఉన్నప్పుడు అలాంటి కాగితం మా సంతకంతో వెళ్తుందంటే మా సెక్షన్‌లో ఒక్క అర్జీ కూడా సాయంత్రం దాకా ఆగేది కాదు.

వకీలు భారతి, హైదరాబాద్:

రెండూ చేరుస్తున్నాను. ఓటు లేని సభ్యులుగా పోలీసు, జైళ్ళ శాఖ. బయటి సభ్యుల్లో ఒకరు సంచార, విముక్త జాతుల (వెంకటేశ్ చెప్పిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ముద్ర పోయినవాళ్ళ) నుంచి, ఒక మహిళ తప్పనిసరి. ముసాయిదా పూర్తి పాఠం ఆదివారం ఇక్కడే పెడతాను. సుజాత గారూ, బాధిత కుటుంబాల భాగం మీరు రాసి పంపితే ఉన్నది ఉన్నట్టు కలుపుతాను.

సుజాత సీమ, కడప జిల్లా:

రాస్తాను. మా వదినని కూడా అడిగి రాస్తాను. శనివారం రాత్రికి మీకు అందుతుంది.